కొంచెములో నమ్మకత్వము: బిలాస్‌పూర్ స్టేషను నేర్పు పాఠము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 16:10-13, లూకా 19:1-10, అపొస్తలుల కార్యములు 5:1-11, సంఖ్యాకాండము 5:5-8.

పాఠ్యాంశము: దేవుడు ఒకరి మేలును మరియొకరి చేతిద్వారా పంపును. ఆ మేలు చేరవలసిన వారికి పూర్తిగా చేరుటయే నిష్కపటమైన విశ్వాసమునకు గురుతు.

ఉపోద్ఘాతము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో అరపా నది ఒడ్డున నున్న బిలాస్‌పూర్ రైలుమార్గమువలన పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన ప్రధాన మార్గము ఈ పట్టణము మీదుగానే పోవుచున్నది. 1955లో ఇది ఆగ్నేయ రైల్వేలో భాగమైనది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రముగా నున్నది. ఆ కంపెనీ మార్గములు దక్షిణమున వాల్తేరు వరకును వ్యాపించియుండెను. 1931లో రాయపూర్ నుండి విజయనగరమునకు మార్గము పూర్తియైన పిమ్మట తెలుగు జిల్లాలకును ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకును రాకపోకలు మరింత సులభమాయెను. ఆ మార్గములవెంట ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు రైల్వే కాలనీలలో కాపురములు పెట్టుకొని, తమ భాషను, తమ బైబిలును, తమ పాటల పుస్తకమును వెంట తెచ్చుకొన్నవి. క్రైస్తవ మిషనరీల పని 1880ల దశకములోనే ఈ పట్టణమున ఆరంభమై యుండెను.

ఇట్టి పట్టణములో విశ్వాసికి పరీక్ష ఎక్కడ వచ్చును? ఆదివారపు ఆరాధనలో కంటె సోమవారపు డ్యూటీలోను, జీతపు దినమున ఇంటిలోను, ప్లాట్‌ఫారము మీద కూలికి డబ్బిచ్చు క్షణములోను వచ్చుట ఎక్కువ. ఈ పాఠమునకు తగిన దృష్టాంతము బిలాస్‌పూర్ స్టేషనులోనే దొరకుచున్నది. దానిని వ్రాసినవాడు క్రైస్తవ బోధకుడు కాడు, విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు.

1. వెయిటింగ్ రూములో జరిగిన వంచన

1918లో వెలువడిన "పలాతకా" అను కవితా సంపుటిలో ఠాగూరు "ఫాంకి" అను కథాకవితను చేర్చెను. ఆ బెంగాలీ మాటకు వంచన అని అర్థము. కథ చెప్పువాడు ఒక భర్త. అతని భార్య బిను వ్యాధిగ్రస్తురాలు. గాలి మార్పు మంచిదని వైద్యులు చెప్పగా దంపతులు ప్రయాణమైరి. ఉమ్మడి కుటుంబములో భర్తతో మనసు విప్పి మాటలాడు తీరిక దొరకని ఆమెకు ఆ ప్రయాణమే మహాభాగ్యముగా తోచెను. బిలాస్‌పూర్‌లో బండి మారవలసి యుండెను. ఆరు గంటలు వేచియుండవలసి వచ్చెను.

అక్కడ బినుకు రుక్మిణి అను బీదస్త్రీతో పరిచయమాయెను. ఆమె స్టేషనులోని ఝాంరూ అను కూలి భార్య. కుమార్తె వివాహమునకు నగ చేయించుటకు 25 రూపాయలు కావలెనని ఆమె చెప్పుకొనెను. ఆ మొత్తమును ఆమెకు ఇమ్మని బిను భర్తను కోరెను. అతడు సరేయనెను. అయితే రుక్మిణిని ప్రక్కకు పిలిచి, ఉద్యోగము పోగొట్టెదనని బెదిరించి, ఏడ్చుచున్న ఆమె చేతిలో 2 రూపాయలు పెట్టి పంపివేసెను. భార్యకు ఈ సంగతి తెలియదు.

రెండు నెలలకు బిను మరణించెను. ఆ రెండు నెలల సంతోషమే తనకు చాలునని చెప్పి, భర్తయెడల కృతజ్ఞతతో కన్నుమూసెను. ఆమె పొందిన ఆ తృప్తిలో రుక్మిణికి అందనిదియు కలసియున్నదని భర్తకు మాత్రమే తెలియును. అతడు ఒంటరిగా తిరిగివచ్చుచు బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణిని వెదకెను. ఆమె అక్కడ లేదు. ఆ కుటుంబము దూరదేశమునకు వెళ్లిపోయినదని వినెను. తీర్చవలెనని మనసు కలిగినప్పుడు తీర్చుకొనుటకు మనిషి దొరకలేదు. అతడు ఋణస్థుడుగానే నిలిచిపోయెను.

ఇది కవి కల్పన. అయినను ఇందులోని పాపము కల్పితము కాదు. ఆ భర్త దొంగ కాడు, త్రాగుబోతు కాడు, భార్యను కొట్టినవాడు కాడు. రోగియైన భార్యను శ్రద్ధతో చూచుకొనినవాడే. తన దృష్టిలో అతడు మితవ్యయము చేసినాడు. భార్య అమాయకురాలు, అడిగినవారికెల్ల ఇచ్చుచున్నదని అతని మనస్సు చెప్పియుండును. అంతియే! ఆ డబ్బు అతని సంపాదనయే, ఇచ్చుటకు నిరాకరించుటకు అతనికి హక్కు కలదు. కాని అతడు నిరాకరింపలేదు. ఇచ్చెదనని ఒప్పుకొని, ఇచ్చినట్లు కనబరచి, 23 రూపాయలు చేతిలో నిలుపుకొనెను. బిను హృదయములో బయలుదేరిన 25 రూపాయల ప్రేమ రుక్మిణిని చేరునప్పటికి 2 రూపాయల బెదిరింపుగా మారెను.

రైల్వే పార్సిలు కార్యాలయములో ఒక సామాన్య నియమము కలదు. బుక్ చేసినప్పుడు ఉన్న బరువే దింపినప్పుడును ఉండవలెను. మధ్యలో తగ్గినయెడల మార్గములో ఎవరి చేతిలోనో ఏదో నిలిచిపోయినదని అర్థము. విశ్వాసి జీవితమును కూడ ఈ లెక్కతోనే పరీక్షింపవచ్చును.

2. "దాచుకొనుట": ఒకే మాట, మూడు స్థలములు

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో అననీయ, సప్పీరా అను దంపతులు పొలమును అమ్మి, దాని వెలలో కొంత దాచుకొని, మిగిలినది మాత్రము అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. ఇక్కడ వాడబడిన గ్రీకు క్రియ నొస్ఫిజొ. దీని భావము ఒక మొత్తములో నుండి కొంత వేరుచేసి రహస్యముగా తనకై ఉంచుకొనుట. ఈ మాట పరిశుద్ధ గ్రంథములో ఎక్కడెక్కడ వచ్చునో గమనించుట లాభకరము.

పాత నిబంధన యొక్క ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో యెహోషువ 7:1 నందు ఇదే మాట కనబడుచున్నది. అక్కడ ఆకాను యెరికో కొల్లసొమ్ములో కొంత తీసికొని తన గుడారములో పాతిపెట్టెను. తిరిగి తీతు 2:10 నందు, దాసులు యజమానుని సొత్తులో ఏదియు కాజేయరాదని పౌలు బోధించుచోట కూడ ఇదే మాట. తెలుగు అనువాదములో సందర్భమునుబట్టి ఈ క్రియకు వేర్వేరు మాటలు వాడబడుటచేత వీటి సంబంధము చదువరికి వెంటనే తోచదు. యుద్ధములో కొల్లసొమ్ము, సంఘములో కానుక, ఇంటిలో యజమానుని సామాను: మూడు స్థలములు వేరు, చేసిన పని ఒకటే.

అననీయ కానుక ఇయ్యకపోవుట అతని తప్పిదము కాదు. పొలము అతనిదే, అమ్మిన పిమ్మట సొమ్మును అతని వశముననే యుండెనని పేతురు స్పష్టముగా చెప్పెను. కొంత ఇచ్చి, అంతయు ఇచ్చినట్లు కనబరచుటయే పాపము. బిలాస్‌పూర్ వెయిటింగ్ రూములో జరిగినదియు ఇదియే. ఒక భేదము మాత్రము కలదు. అననీయ భార్య భర్తతో ఏకీభవించెను. బిను ఏమియు ఎరుగకయే మోసపోయెను. ఒకచోట దంపతులు కూడి సంఘమును వంచించిరి. మరియొకచోట భర్త భార్య యొక్క మంచితనమునే దొంగిలించెను.

తెలుగు బైబిలులో వాడబడిన "నిష్కపటము" అను మాట ఈ సందర్భమున మిక్కిలి తగినది. కపటము లేకుండుట, అనగా లోపలిదానికిని పైకి కనబడుదానికిని భేదము లేకుండుట. రోమీయులకు 12:9లో ప్రేమను గూర్చియు, 1 తిమోతి 1:5లో విశ్వాసమును గూర్చియు పౌలు వాడిన గ్రీకు విశేషణము "వేషము వేయని" అను భావము గలది. నాటకరంగమున ముఖమునకు తొడుగు ధరించి నటించువానికి వాడు మాటకు అది వ్యతిరేకము. కావున నిష్కపటమైన విశ్వాసము అనగా లోపములేని విశ్వాసమని కాదు. తొడుగులేని విశ్వాసమని అర్థము. "నేనియ్యలేను" అని చెప్పు విశ్వాసి బలహీనుడు కావచ్చును. "ఇచ్చితిని" అని అబద్ధమాడు విశ్వాసి వేషధారి.

3. చూచువారు లేని చోట

కొలొస్సయులకు 3:22లో పౌలు ఒక అరుదైన మాటను ప్రయోగించెను. కన్ను, దాస్యము అను రెండు మాటలు కలసిన సమాసమది. యజమానుని కన్ను ఉన్నంతవరకే జరుగు సేవ అని దాని భావము. దానిని విడిచి, ప్రభువునకు భయపడుచు హృదయశుద్ధితో పనిచేయవలెనని అతడు దాసులకు వ్రాసెను.

రైలుమార్గమును కాపాడు కీమేన్ పని ఈ వాక్యమునకు చక్కని వ్యాఖ్యానము. అతడు ప్రతి దినము తనకు అప్పగింపబడిన మేర కాలినడకను పోవును. పోవునప్పుడు ఒక పట్టాను, వచ్చునప్పుడు రెండవ పట్టాను చూచుకొనుచు, వదులైన బిగింపులను సుత్తితో సరిచేయును. అతుకుల యొద్ద బోల్టులను పరీక్షించును. ఎండలోను, వానలోను, మంచులోను ఆ పని జరుగవలసినదే. ప్రతి బిగింపు యొద్దను నిలిచి చూచు అధికారి ఎవడును లేడు. ఒక దినము సగము దూరము పోయి చెట్టు నీడన కూర్చుండి తిరిగివచ్చినను, ఆ దినపు బండ్లు బహుశః క్షేమముగానే దాటిపోవును. ఆ రాత్రి ఎక్స్‌ప్రెస్సులో నిద్రించు వందల ప్రయాణికులు అతని ముఖమును ఎన్నడును చూడరు. అయినను వారి ప్రాణములు అతని నమ్మకత్వము మీద ఆనుకొనియున్నవి.

విశ్వాస జీవితములో అత్యధిక భాగము ఈ కీమేన్ నడకను పోలియుండును. దానిని మెచ్చుకొనువారు లేరు, దానికి సాక్ష్యకూటము లేదు. ఒకనాటి అలసత్వమువలన వెంటనే ప్రమాదము కలుగదు గనుక మనస్సాక్షి క్రమముగా నిద్రించును. అల్పమైన దానిలో నమ్మదగినవాడే గొప్పదానిలోను నమ్మదగినవాడని లూకా 16:10లో ప్రభువు బోధించినప్పుడు, అల్పమైనది గొప్పదానికి మెట్టు అని మాత్రమే ఆయన చెప్పలేదు. అల్పమైన దానిలోనే మనిషి యెవడో తేలిపోవునని చెప్పెను.

4. రైల్వే కాలనీలోని చిన్న నిర్ణయములు

రైల్వే ఉద్యోగి ఎదుర్కొను శోధనలు ఆ ఉద్యోగమునకు తగినట్లే యుండును. కుటుంబమునకై ఇయ్యబడిన పాసు మీద బంధువును తన ఆశ్రితుడని చూపి పంపుట. ఇంటనే యుండి ప్రయాణము చేసినట్లు టీ.ఏ. బిల్లు వ్రాయుట; నివసించుటకు ఇచ్చిన క్వార్టరును రహస్యముగా అద్దెకిచ్చుట; ఆరోగ్యముగా నుండి రోగినని సర్టిఫికెట్టు తెచ్చుట; పనిముట్లలో చిన్నదానిని ఇంటికి తెచ్చుకొనుట. "అందరును చేయుచున్నారు", "ప్రభుత్వమునకు ఇది లెక్కయా?" అను మాటలు ఈ కార్యములన్నిటికిని తోడు వచ్చును. ప్రభుత్వమునకు లెక్క కాకపోవచ్చును. అబద్ధపు కాగితముమీద సంతకము చేసిన చేయియే ఆదివారమున ప్రభువు బల్లయొద్ద రొట్టె నందుకొనుచున్నది. అందుచేత అది విశ్వాసికి లెక్కయే.

మరియొక ఉదాహరణము ఇంటిలోనిది. ఒక ఉద్యోగి జ్వరముతో వారము దినములు సెలవులో నున్నాడనుకొందము. నియమముల ప్రకారము అతని జీతము అతనికి వచ్చెను. కుటుంబము దేవునికి స్తోత్రము చెల్లించెను. అదే నెలలో అంట్లుతోము స్త్రీ జ్వరముతో నాలుగు దినములు రాలేదు. నెల చివర ఆ ఇంటి గృహిణి లెక్కవేసి నాలుగు దినముల కూలి తగ్గించెను. ఇందులో అబద్ధము లేదు, దొంగ లెక్క లేదు, ఏ నియమమును మీరలేదు. అయినను దేవుడు ఆ ఇంటికి పంపిన కనికరము గుమ్మము దాటలేదు. బుక్ చేసిన బరువు దిగలేదు. మత్తయి 18వ అధ్యాయములో గొప్ప అప్పు క్షమింపబడి, చిన్న అప్పునకై తోటి దాసుని గొంతు పట్టుకొనిన వాని కథ ఇంత దగ్గరగా నున్నది.

ఈ విషయములో ధర్మశాస్త్రము స్పష్టముగా మాటలాడుచున్నది. బీదవాడైన కూలివానికి సూర్యుడు అస్తమింపకముందే కూలి చెల్లింపవలెనని ద్వితీయోపదేశకాండము 24:14-15 ఆజ్ఞాపించుచున్నది. వాని ప్రాణము ఆ కూలి మీదనే పెట్టుకొని యుండునని కారణము చెప్పుచున్నది. అతడు స్వదేశియైనను పరదేశియైనను భేదము లేదు. ఆ తరువాతి అధ్యాయములోనే (25:13-16) సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉండరాదను ఆజ్ఞ కలదు. తనకు వచ్చునప్పుడు ఒక రాయి, ఇచ్చునప్పుడు మరియొక రాయి: ఇదియే కపటము యొక్క అతి ప్రాచీనమైన రూపము. పొరుగు దేశములో బ్రతుకుటకు వచ్చిన తెలుగు కుటుంబము, అక్కడి వారికి కూలి ఇచ్చునప్పుడు ఏ రాయి వాడుచున్నదో పరీక్షించుకొనుట అవసరము.

5. తిరిగి చెల్లించుట

నిష్కపటుడు అనగా ఎన్నడును తప్పిపోనివాడు కాడు. తప్పిన లెక్కను తెలిసికొనినప్పుడు దానిని సరిచేయువాడు. సంఖ్యాకాండము 5:5-8 ఇందునకు మూడు మెట్లు చూపుచున్నది. మొదట పాపమును ఒప్పుకొనవలెను. పిమ్మట పూర్తి మొత్తమును, దానికి ఐదవ వంతు కలిపి, నష్టపోయిన వానికి చెల్లింపవలెను. నష్టపోయినవాడు గాని అతని సమీప బంధువు గాని లేనియెడల, ఆ సొమ్ము యెహోవాదై యాజకునికి చేరవలెను.

ఈ మూడవ మాట ఆశ్చర్యకరమైనది. రుక్మిణి కనబడనప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు ధర్మశాస్త్రము వేల సంవత్సరముల క్రితమే జవాబిచ్చెను. మనిషి దొరకకపోయినంత మాత్రమున అప్పు తీరదు, అప్పు దేవునిదగును. 23 రూపాయలకు ఐదవ వంతు చేర్చినయెడల నేటి లెక్కలో 27 రూపాయల 60 పైసలు. ఆ భర్త ఆ సొమ్మును స్టేషనులోని మరియొక కూలి ఇంటికి ఇచ్చియుండవచ్చును. అట్లుచేసినను పోయిన పెండ్లిదినము తిరిగిరాదు, బిను నమ్మకమును అతడు తిరిగి సంపాదింపలేడు. అయితే ఋణస్థుడనని దుఃఖించుట ఒకటి, ఋణమును దేవుని చేతికి అప్పగించుట మరియొకటి. మొదటిది పశ్చాత్తాపమునకు ఆరంభము మాత్రమే.

నేటి విశ్వాసికిని ఇది ఆచరణసాధ్యము. టిక్కెట్టు లేకుండ చేసిన ప్రయాణమునకు సరిపోవు టిక్కెట్టు కొని, ఉపయోగింపక విడిచిపెట్టవచ్చును. వ్రాసిన అబద్ధపు బిల్లును అధికారి యెదుట ఒప్పుకొనుట కఠినమైనది; దానివలన శిక్షయు కలుగవచ్చును. పాఠము ఇక్కడ తేలికమాట చెప్పజాలదు. ఉద్యోగము, పిల్లల చదువు, ఇంటి గౌరవము అన్నియు త్రాసులో నుండును. అట్టివాడు ఒంటరిగా పోరాడక, నమ్మదగిన సంఘపెద్దతో కలసి ప్రార్థించి అడుగు వేయుట మేలు. అంట్లుతోము స్త్రీకి తగ్గించిన నాలుగు దినముల కూలి మాత్రము నేటి సాయంకాలమే ఇయ్యవచ్చును. దానికి పెద్దల ఆలోచన అక్కరలేదు. రేపు ఆమె వేరొక ఊరికి పోవచ్చును.

6. కృప ముందు, లెక్క తరువాత

ఇంతవరకు చెప్పినది చదివి, లెక్కలు సరిచేసికొని దేవుని సన్నిధికి పోవలెనని ఎవరైనను తలంచినయెడల సువార్తను తలక్రిందులు చేసినవారగుదురు. లూకా 19వ అధ్యాయములో సుంకపు గుత్తదారుడైన జక్కయ్య కథయందలి వరుసను చూడవలెను. మొదట ప్రభువు చెట్టుక్రింద నిలిచి అతని పేరుపెట్టి పిలిచెను. అతని ఇంట బస చేయుటకు వచ్చెను. అప్పటికి జక్కయ్య ఒక కాసైనను తిరిగి ఇయ్యలేదు. ప్రభువు ఇంటిలోనికి వచ్చిన పిమ్మటనే అతడు లేచి నిలిచి, ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలును ఇచ్చెదననెను. ధర్మశాస్త్రము స్వయముగా ఒప్పుకొనిన వానియొద్ద ఐదవ వంతే అధికముగా అడుగుచుండగా, గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికి నిర్గమకాండము 22:1 విధించిన నాలుగంతలను అతడు తనకు తానే విధించుకొనెను. కృప అతని లెక్కను కొట్టివేయలేదు. లెక్క తీర్చు ధైర్యమును అతనికిచ్చెను.

ఠాగూరు కథలోని భర్తకు బిను పోయిన తరువాత కన్నులు తెరవబడెను. జక్కయ్యకు మోసపోయినవారు ఇంకను యెరికోలో నుండగనే తెరవబడెను. ఈ రెండింటి మధ్యనున్న దూరము కాలము మాత్రమే. ప్రతి విశ్వాసికిని ఆ కాలము నేడు చేతిలో నున్నది. బండి ఇంకను కదలలేదు. రుక్మిణి ఇంకను ప్లాట్‌ఫారము మీదనే యున్నది.

చర్చింపదగిన ప్రశ్నలు

1. అననీయ పొలము వెలను పూర్తిగా తానే ఉంచుకొనియుండినయెడల పాపమగునా? జవాబునకు కారణము చెప్పుడి.
2. తల్లిదండ్రులు, సంఘము, యజమానుడు ఇతరులకు ఇమ్మని అప్పగించిన దేదైనను చేతిలో నిలిచిపోయినదా? సొమ్ము మాత్రమే కాదు. అందజేయని క్షమాపణ, చెప్పని మంచిమాట కూడ లెక్కింపుడి.
3. "తనకు ఒక తూనికరాయి, ఇంటి పనివారికి మరియొకటి" అను స్థితి కుటుంబములో ఏయే విషయములయందు కనబడును?
4. నష్టపోయినవారు దొరకనప్పుడు సంఖ్యాకాండము 5:8లోని నియమమును నేడు ఎట్లు ఆచరింపవచ్చును?

ప్రార్థన

మా పేరు పెట్టి పిలిచి మా ఇంటికి వచ్చిన ప్రభువా, నీవు మా చేతికిచ్చి ఇతరులకు పంపిన మేలులలో మేము నిలుపుకొనినవి నీకు తెలియును. వారు ఇంకను సమీపముననుండగనే వాటిని పూర్తిగా తిరిగి ఇచ్చు మనస్సును, ధైర్యమును మాకు దయచేయుము. వారు దూరమై పోయినచోట, వారికి చేరవలసినది నీ చేతిలో పెట్టుట మాకు నేర్పుము. ఎవరును చూడని మా నడకలో నీవు చూచుచున్నావని జ్ఞాపకము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.